కాగితపు చక్రాల్లో గ్రహణాలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాకు పది నిమిషాలిచ్చారు. ఫిజిక్సు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, గంట కొడితే తప్ప ఆపను. కాబట్టి గంట దగ్గర పెట్టుకోండి.

ఈ రోజు ఒక పుస్తకం గురించి చెబుతాను. జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో పీటర్ ఏపియన్ అనే గణితాచార్యుడు 1540లో తన సొంత ముద్రణాలయంలో అచ్చువేశాడు. పేరు ‘ఆస్ట్రోనామికం సిజేరియం’, అంటే చక్రవర్తి ఖగోళశాస్త్రం. ఆ చక్రవర్తి ఐదవ చార్లెస్.

పేజీ తెరిస్తే గుండ్రంగా కత్తిరించిన కాగితపు బిళ్లలు ఒకదాని మీద ఒకటి అమర్చి ఉంటాయి. వాటిని ‘వాల్వెల్’ అంటారు. చేత్తో అద్దిన రంగులు, మధ్యలోంచి పట్టుదారం, దారం మీద అటూ ఇటూ జరిగే చిన్న ముత్యం. తేదీకి తగ్గట్టు బిళ్లలు తిప్పి, దారం లాగిపెట్టి చూస్తే గ్రహం ఎక్కడుందో తెలుస్తుంది. పెద్ద పెద్ద లెక్కలు చేయనక్కర్లేదు. ఇలాంటి చంద్రుడి చక్రం రెజియోమొంటానస్ 1474 నాటి కేలండర్‌లోనే ఉంది గానీ, ఏపియన్ చేసినంత అందంగా మరొకరు చేయలేదని నా అభిప్రాయం.

అందులో ఒక బిళ్ల మీద డ్రాగన్ బొమ్మ ఉంటుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన పేజీ అదే. ఆకాశంలో చంద్రుడి దారి సూర్యుడి దారికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. రెండు దారులూ రెండు చోట్ల కలుస్తాయి. వాళ్లు ఒకదాన్ని డ్రాగన్ తల అన్నారు, రెండోదాన్ని తోక అన్నారు. మన పంచాంగంలో రాహువు, కేతువు అవే. అవి వెనక్కి జరుగుతూ సుమారు 18.6 ఏళ్లకు ఒక చుట్టు పూర్తిచేస్తాయి.

ప్రతి పౌర్ణమికీ చంద్రగ్రహణం ఎందుకు రాదు సార్ అని ఏటా ఎవరో ఒకరు అడిగేవారు. తప్పు పిల్లలది కాదు. నల్లబల్ల మీద సూర్యుణ్ణి, భూమిని, చంద్రుణ్ణి ఒకే గీత మీద వేస్తాం. ఆ అనుమానం ఆ బొమ్మలోంచే పుడుతుంది. అందుకని పాత శుభలేఖల అట్టలు తెప్పించేవాణ్ణి. కింద పన్నెండు రాశుల బిళ్ల, దాని మీద రాహుకేతువుల బిళ్ల, పైన సూర్యుడికి, చంద్రుడికి చెరో ముల్లు. మధ్యలో చొక్కా గుండీ పెట్టి కుట్టడమే. చంద్రుణ్ణి సూర్యుడికి ఎదురుగా పెడితే పౌర్ణమి. అప్పుడు చంద్రుడు రాహువుకో కేతువుకో సుమారు 12 డిగ్రీల లోపు ఉంటేనే గ్రహణం. లేకపోతే నీడకు పైనుంచో కిందనుంచో దాటిపోతాడు. రెండు మూడుసార్లు తిప్పేసరికి ఇది పిల్లలే నాకు చెప్పేవారు.

1980 ఫిబ్రవరి 16 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. హైదరాబాదు దగ్గర రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రజ్ఞులు సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూస్తుంటే, ఎన్నో ఇళ్లలో పగలే తలుపులు బిగించుకుని కూర్చున్నారు. గ్రహణం వేళ పంచాంగంలో అందరికీ తెలుసు. ఎందుకొస్తుందో తిప్పి చూసినవాళ్లే తక్కువ.

ఏపియన్ శ్రమంతా వృథా అని కెప్లర్ 1609లో తన పుస్తకంలో వాపోయాడు. భూమి మధ్యలో ఉందన్న లెక్కతో కట్టిన చక్రాలవి. మూడేళ్లకే, 1543లో, కోపర్నికస్ పుస్తకం వచ్చింది. గ్రహాల పేజీల వరకు కెప్లర్ మాట ఒప్పుకుంటాను. పరికరం మరీ అందంగా ఉంటే దాన్ని అనుమానించబుద్ధి కాదు. డ్రాగన్ పేజీ దగ్గర మాత్రం ఒప్పుకోను. మధ్యలో ఎవరున్నా చంద్రుడు తిరిగేది భూమి చుట్టూనే కదా!

స్వర్ణోత్సవ నిధితో ఈ బడికి డిజిటల్ బోర్డు కొందామంటున్నారు. కొనండి, నా చందా కూడా ఇచ్చాను. కానీ బోర్డు మీద గ్రహణం దానంతటదే వచ్చి పోతుంది, పిల్లవాడు చూస్తూ కూర్చుంటాడు. అందుకే హెడ్మాస్టరు గారికి ఒక మనవి. తొమ్మిదో తరగతికి ఏడాదికి రెండు పీరియడ్లు ఈ చక్రానికి ఇప్పించండి. అట్టలు, దారం, గుండీలు నేను తెస్తాను. కత్తెరలు మాత్రం బడివే వాడుకోవాలి.