హబ్షా నుండి దక్కను వరకు: గౌరవానికి గీటురాయి

సకల స్తోత్రాలూ సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకుల పైన, సహచరులందరి పైన శాంతి, శుభాలు వర్షించుగాక! అమ్మా బాద్.



మానవులందరినీ ఒకే స్త్రీ పురుషుల జంట నుండి సృష్టించానని, ఒకరినొకరు గుర్తించుకోవడానికే జాతులుగా, తెగలుగా చేశానని, తన వద్ద అధిక గౌరవం అధిక దైవభీతి గలవారికేనని అల్లాహ్ దివ్య ఖుర్ఆన్ అల్ హుజురాత్ సూరహ్ 13వ ఆయతులో తెలియజేశాడు. ఈ ఆయతు మనలో చాలామందికి కంఠస్థం. అయితే ఇంట్లో పెళ్లి సంబంధం మాట్లాడే వేళ, మన కింద పనిచేసేవాడిని పిలిచే వేళ అది మనకు జ్ఞాపకం వస్తున్నదా? ఈ ప్రశ్న వేసుకోవడానికి ఆఫ్రికా ప్రజల చరిత్ర, అందులోనూ మన దక్కనుతో ముడిపడిన హబ్షీల చరిత్ర మనకు అద్దం వంటిది.

సోదరులారా! మక్కాలో ముస్లిములపై దౌర్జన్యం మితిమీరినప్పుడు, సుమారు క్రీ.శ. 615లో, దైవప్రవక్త (స) తన సహచరులను సముద్రం దాటి హబ్షాకు వెళ్ళమన్నారు. నేటి ఇథియోపియా, ఎరిత్రియా ప్రాంతమది. అక్కడి రాజు ఏలుబడిలో ఎవరికీ అన్యాయం జరగదని ఆయన చెప్పారు. ఖురైషులు కానుకలతో దూతలను పంపి, శరణార్థులను తమకు అప్పగించమని కోరారు. నజాషీ ఇరుపక్షాల మాట విన్నాడు. జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) మర్యమ్ సూరహ్ పఠించగా విని కన్నీరు పెట్టాడు. కానుకలు తిప్పి పంపాడు. ఆ నజాషీ మరణవార్త తెలిసినప్పుడు దైవప్రవక్త (స) మదీనాలో సహచరులను వరుసల్లో నిలబెట్టి జనాజా నమాజు చేయించారు. ముస్లిం సమాజానికి మొదటి ఆశ్రయమిచ్చిన నేల ఆఫ్రికా. మక్కా జయించిన రోజున కాబా గృహంపై నుండి అజాన్ పలికిన గొంతు హబ్షీ తల్లి బిడ్డ బిలాల్ (రజి)ది. తరువాతి కాలంలో అదే ఖండపు పశ్చిమాన మాలీ రాజ్యాన్ని ఏలిన మన్సా మూసా 1324లో హజ్ యాత్రకు వెళ్తూ కైరోలో పంచిన బంగారానికి అక్కడ బంగారం ధరే పడిపోయిందని చరిత్రకారులు వ్రాశారు.

ఇక మన దక్కనుకు వద్దాం. సుమారు 1548లో ఇథియోపియాలో చాపు అనే బాలుడు పుట్టాడు. చిన్నతనంలోనే బానిసగా అమ్ముడుపోయాడు. అరేబియాలో, బాగ్దాదులో చేతులు మారాడు. అతన్ని కొన్నవారిలో, అమ్మినవారిలో కలిమా చదివినవారూ ఉన్నారు. ఈ చేదు నిజాన్ని దాచి చరిత్ర చెప్పుకోవడం న్యాయం కాదు. బానిసను విడిపించడం మహా పుణ్యమని నేర్పిన ధర్మాన్ని అనుసరించేవారే బానిసల సంతలో బేరమాడారు. చివరకు అతన్ని అహ్మద్‌నగర్ నిజాంషాహీ పేష్వా చంగేజ్ ఖాన్ కొన్నాడు. ఆ పేష్వా తానూ హబ్షీయే.

యజమాని మరణానంతరం స్వేచ్ఛ పొందిన ఆ యువకుడే మాలిక్ అంబర్. 1600లో అహ్మద్‌నగర్ కోట మొగలుల వశమైనప్పుడు చెదిరిన సైన్యాన్ని కూడగట్టి, నిజాంషాహీ వంశీకుణ్ణి గద్దెనెక్కించి, 1626లో మరణించేవరకు రాజ్యభారం మోశాడు. మరాఠా రౌతులను వెంట నడిపించి మొగలు సేనలను ముప్పుతిప్పలు పెట్టాడు. 1624లో భాత్వాడి వద్ద మొగలుల, బీజాపూరు వారి ఉమ్మడి సేనను ఓడించిన నాడు శివాజీ తండ్రి షాహాజీ కూడా ఆయన పక్షానే పోరాడాడు. 1610 ప్రాంతంలో ఆయన నిర్మించిన ఖిడ్కీ నగరమే తరువాత ఔరంగాబాదు అయింది. నేల కింద కాలువలు తవ్వించి ఆ నగరానికి నీరు తెప్పించాడు. నేల కింద చేసే పని ఎంతటి కష్టమో ఈ మస్జిదులో కూర్చున్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

అటువంటి వ్యక్తిని జహంగీరు చక్రవర్తి తన గ్రంథంలో ఒంటిరంగు ఎత్తి దూషించాడు. యుద్ధంలో గెలవలేనివాడు చిత్రకారునిచేత అంబర్ తలకు బాణం కొడుతున్నట్లు బొమ్మ వేయించుకున్నాడు. దూషించినవాడూ ముస్లిమే, దూషణకు గురైనవాడూ ముస్లిమే. నేడు ఖుల్దాబాదులో అంబర్ సమాధి ఉంది. ఆయన తెచ్చిన నీటిని ఆ ఊరి తరతరాలు త్రాగాయి.

మనకు మరింత దగ్గరగా చూడండి. మన ఊరి నుండి రైలెక్కి హైదరాబాదు చేరితే, మాసబ్ ట్యాంకు సమీపాన ఏ.సి. గార్డ్స్ అనే బస్తీ ఉంది. ఆ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళానిది. వనపర్తి రాజా వద్ద ఉన్న హబ్షీ దళం నిజాంకు చేరిందని చెబుతారు. 1948లో సంస్థానం భారతదేశంలో కలిశాక ఆ దళం రద్దయింది. సిపాయిల సంతానం అక్కడే ఉండిపోయింది. మన పెళ్లి ఊరేగింపులలో మోగే మర్ఫా దరువు కూడా హబ్షీల, అరబ్బుల వెంట వచ్చినదే. ఆ చప్పుడు ధర్మసమ్మతమా అన్నది వేరే చర్చ. కాని దరువు మనదైంది, మనిషి మాత్రం ఇంకా పరాయివాడుగానే ఉన్నాడు.

సోదరులారా! షిఫ్టు ముగించి బాయి నుండి పైకి వచ్చే కార్మికులను చూడండి. బొగ్గు దుమ్ములో అందరి ముఖాలదీ ఒకే రంగు. ఎవరు ఏ ఖాందానో, ఎవరు ఏ రాష్ట్రమో తెలియదు. స్నానం చేసి ఇల్లు చేరగానే తేడాలు మళ్ళీ మొదలవుతాయి. పిల్ల నమాజు చదువుతుందా అని అడగక ముందే రంగు ఎలా ఉంటుందని అడుగుతున్నాము. చామనఛాయ అని తెలియగానే జోడే కీ రఖమ్ పెంచుతున్నాము. బిలాల్ అని బిడ్డకు ముచ్చటగా పేరు పెట్టుకుంటాము. బిలాల్ రంగున్న కోడలిని గడప దాటి రానివ్వము. పర్మినెంటు ఉద్యోగికి కుర్చీ జరుపుతాము. అదే గనిలో చెమటోడ్చే కాంట్రాక్టు కార్మికుణ్ణి, దూరం నుండి వచ్చిన వలస కూలీని పేరు పెట్టి కూడా పిలవము.

హజ్రత్ అబూజర్ (రజి) ఒక వ్యక్తిని అతని తల్లి పేరెత్తి దెప్పినప్పుడు, నీలో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉందని దైవప్రవక్త (స) మందలించారు. మీ చేతికింద ఉన్నవారు మీ సోదరులని, తినేది వారికి తినిపించాలని, తొడిగేది వారికి తొడిగించాలని, శక్తికి మించిన భారం మోపరాదని, మోపితే తామూ చేయి వేయాలని బోధించారు. అంతటి సహచరునికే ఆ హెచ్చరిక అవసరమైతే మన సంగతి ఏమిటి?

కాబట్టి నేడు ఒక సంకల్పం చేద్దాం. సంబంధాలు చూసేటప్పుడు రంగు మాట మన నోట రానివ్వవద్దు. మన వద్ద పనిచేసే వ్యక్తి కూలీని చెమట ఆరకముందే చెల్లిద్దాం. నమాజు ముగిశాక, సఫ్‌లో మన భుజానికి భుజం ఆనించి నిలబడిన అపరిచితుని పేరు అడిగి, సలాం చెప్పి సాగనంపుదాం. భుజాలు కలిసినంత సులువుగా మనసులు కలవవు. అందుకు పూనిక కావాలి.

యా అల్లాహ్! మా హృదయాల నుండి వంశగర్వాన్ని, వర్ణగర్వాన్ని తొలగించు. గనులలో శ్రమించే మా బిడ్డలను క్షేమంగా ఇల్లు చేర్చు. నీ వద్ద గౌరవం పొందే దైవభీతిపరులలో మమ్మల్ని చేర్చు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.