బజారు హెడ్డు, టెంపరేచర్ బల్బు, మన జీతం

(సోలాపూరులో జనరేటర్, మెయింటెనెన్స్ విభాగాల సభ్యుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఇంజన్ పని నాది కాదు. నేను రింగ్ ఫ్రేముల మీద పెరిగినవాణ్ణి. పోగు తెగితే అతకడం తెలుసు గాని సిలిండర్ హెడ్ విప్పడం తెలియదు. అయినా ఈవేళ దాని గురించే మాట్లాడుతున్నానంటే, హెడ్డుకు బిగించే ఒక చిన్న బల్బు వల్ల మన సభ్యుడి జీతానికే ఎసరు వచ్చింది కనుక. ఆయన ఈ సభలోనే ఉన్నారు. పేరు చెప్పను.

జరిగింది ఇది. వాళ్ళ షెడ్డులో జనరేటర్ ఇంజన్ హెడ్ పగిలింది. కంపెనీ హెడ్ ఖరీదని యజమాని బజారు హెడ్ తెప్పించాడు. బజారువన్నీ చెడ్డవని నేననను, మంచి పోత ఉన్నవీ ఉన్నాయి. కాని ఈ హెడ్డులో టెంపరేచర్ బల్బు రంధ్రం పాతదానికన్నా పెద్దది. కాంట్రాక్టు మెకానిక్ ఇత్తడి బుష్ ఒకటి వేసి, పాత బల్బును అందులో బిగించి వెళ్ళిపోయాడు. నీరు కారలేదు, ముల్లు కదిలింది, అందరూ సరే అనుకున్నారు.

మే నెల మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటర్ పూర్తి లోడు మీద నడుస్తోంది. వెనక రబ్బరు పైపు చిట్లి నీళ్ళు పోతున్నాయి. ముల్లు మాత్రం 70 దగ్గరే ఉంది. మన వాడు గంట గంటకూ రిజిస్టరులో 70 అనే రాశాడు. సాయంత్రానికి ఇంజన్ పట్టేసింది. రెండో రోజు నోటీసు: చూసుకోకుండా ఇంజన్ పాడుచేశావు, నష్టం జీతంలో కోస్తాం అని.

విచారణకు మన పెద్ద ఫిట్టర్ అన్నను వెంట తీసుకెళ్ళాను. ఆయన వాదించలేదు. బల్బును బుష్‌తో సహా విప్పి బల్ల మీద పెట్టాడు. బల్బు మొన బుష్ లోపలే దాక్కుని ఉంది, నీళ్ళ దారిలోకి రానేలేదు. తర్వాత గిన్నెలో నీళ్ళు మరిగించి, బల్బు ఒంటికి ఒక ఎర్త్ వైరు కట్టి, మొనను నీళ్ళలో ముంచాడు. ముల్లు 100కు కాస్త ఇవతల నిలిచింది. మన ఊరు సముద్రమట్టానికి సుమారు 450 మీటర్ల ఎత్తున ఉంది కనుక నీళ్ళు 98, 99 డిగ్రీలకే మరుగుతాయి. అంటే బల్బు మంచిది, మీటరూ మంచిది. బిగించిన చోటే తప్పు.

ఆ బల్బు లోపల చిన్న పూస ఉంటుంది. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గి కరెంటు ఎక్కువ పారుతుంది, ముల్లు లేస్తుంది. అయితే మొనకు నీళ్ళు తగలాలి. నీళ్ళు పోయి గాలో ఆవిరో మిగిలితే వేడి సరిగా అందదు. లోపల ఇంజన్ కాలుతుంటే బయట ముల్లు దిగనూవచ్చు. నాకు ఇది విని ఒళ్ళు జలదరించింది.

ఫిట్టర్లు మరల విషయం కూడా చూడాలి. మరాఠీ వాళ్ళు ఆటె అంటారే, అవే. పావు అంగుళం ఎన్‌పీటీ మరలో అంగుళానికి 18 చుట్లు, బీఎస్‌పీలో 19. చేత్తో తిప్పితే రెండు మూడు చుట్లు ఎక్కుతుంది, ఆపైన బిగుసుకుంటుంది. అక్కడ పానాతో బలవంతం చేస్తే మరలు చెడతాయి. అర అంగుళం ఇంకా మోసం. రెండింటిలోనూ 14 చుట్లే, కాని కోణం ఒకదానికి 60 డిగ్రీలు, రెండోదానికి 55. పట్టినట్టే ఉండి కారుతుంది. బల్బు పొడవు ఎక్కువైతే మొన లోపలి గోడకు తగిలి విరుగుతుంది. ఒంటి వైరు బల్బుకు ఎర్త్ దాని మరల ద్వారానే అందాలి, కాబట్టి తెల్ల టేపు మందంగా చుట్టకండి. ఎర్త్ చెడితే ముల్లు తక్కువ చూపిస్తుంది. వేరే కంపెనీ బల్బు వేస్తే దాని రెసిస్టెన్స్ మన మీటరుకు కుదురుతుందో లేదో మరిగే నీళ్ళలో పెట్టి చూశాకే బిగించండి.

ఆపరేటర్లకు ఒక మాట. వైరు ఊడితే ఇలాంటి మీటర్లలో ముల్లు అడుగున పడుకుంటుంది. ఇంజన్ చల్లగా ఉందనుకోకండి. నీళ్ళ మట్టం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడండి, వేడి మీద రేడియేటర్ మూత తీయవద్దు. వేడి మించితే ఇంజన్ ఆపే కట్-ఆఫ్ స్విచ్ ముల్లుకు సంబంధం లేని వేరే వస్తువు. అది ఉందా, పనిచేస్తుందా అని అడగండి. మాటిమాటికీ ఆగుతోందని దాని వైర్లు కలిపి కట్టేసే పని మన వాళ్ళే కొందరు చేస్తున్నారు. అది మానాలి.

చట్టం సంగతి. కార్మికుడి సంజాయిషీ వినకుండా నష్టం పేరిట జీతం కోయకూడదని 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలో ఉండేది, 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది. ఆ నష్టం అతని నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి. ఈ రెండూ ఎత్తి చూపాం. కోత ఆగింది. మనిషిని మాత్రం జనరేటర్ గది నుంచి తీసి గోడౌనులో వేశారు. ఆ తగువు ఇంకా నడుస్తోంది.

మన వైపు లోపం కూడా చెప్పుకోవాలి. మే ఎండలో, పూర్తి లోడు మీద, ముల్లు పొద్దున్నుంచీ ఒక్క గీత కదలలేదు. అది అనుమానించవలసిన విషయమే. ఎవరికీ చెప్పలేదు. విచారణలో ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఇకమీద రిజిస్టరులో డిగ్రీల పక్కన నీళ్ళ మట్టం, హెడ్డు మార్చిన తేదీ, బల్బు ఎవరు బిగించారన్నదీ రాయండి. ఆ పేజీకి ఒక నకలు మనకు ఇవ్వండి.

వచ్చే ఆదివారం పొద్దున ఫిట్టర్ అన్న మన ఆఫీసులో పాత హెడ్డు మీద బిగించి చూపిస్తారు. పొయ్యి, గిన్నె ఉన్నాయి. మీ షెడ్డులో విప్పిన బల్బులుంటే పట్టుకు రండి.