సప్తసాగర యాత్ర – గోదావరి సముద్రతీరపు కాలిబాట



సముద్రతీరమున నడక యనగానే ఎత్తైన కొండచరియ, దాని అంచున సాగు కాలిబాట, క్రింద ఘోషించు తరంగములు మనస్సున మెదలును. అట్టి దృశ్యములు ఆంధ్రదేశమున లేకపోలేదు. విశాఖపట్టణమునకును భీమునిపట్టణమునకును నడుమ, సముద్రమునకు చేరువగా, ఎర్రమట్టి దిబ్బలు నిలిచియున్నవి. గోదావరి డెల్టా తీరమున మాత్రము కొండయు లేదు, రాయియు లేదు. ఇచట బాటసారి ఎక్కి నిలువదగిన ఎత్తు ఇసుక దిబ్బ యొక్కటే. అయినను ఈ తీరమునకు తనదైన నడక యొకటి తరతరములుగా కలదు. అదియే సప్తసాగర యాత్ర.

ధవళేశ్వరము దాటిన పిమ్మట గోదావరి పాయలుగా చీలును. తుల్యభాగ, ఆత్రేయి, గౌతమి, వృద్ధగౌతమి, భరద్వాజ, కౌశిక, వశిష్ఠ అని సంప్రదాయము ఏడు పేర్లు చెప్పుచున్నది. ఈ పాయలు సాగరమున కలియు తావులన్నిటను స్నానము చేయుటయే యాత్ర. పుష్య బహుళ అమావాస్యను ఈ ప్రాంత ప్రజలు చొల్లంగి అమావాస్య యందురు. ఆనాడు కాకినాడకు దక్షిణముననున్న చొల్లంగిలో స్నానముతో యాత్ర ఆరంభమగును. అచటినుండి కోరంగి మీదుగా ఒక్కొక్క సంగమమును సేవించుచు, మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరుట ఆచారము. ఆనాడే అచట లక్ష్మీనరసింహస్వామి రథోత్సవము. పూర్వము కాలినడకను, పడవలపైనను సాగిన ఈ యాత్ర నేడు చాలవరకు వాహనములపై సాగుచున్నది. వాహనముపై పోవువానికి పుణ్యము తగ్గునని యెవ్వరును అనరు. కాని నడచువానికి తెలియు తీరము వానికి తెలియదు.

నడచువాడు మొదట నేర్చునది ఆటుపోటుల లెక్క. ఆటు తీసినపుడు తడి ఇసుక గట్టిగానుండి పాదము దిగబడదు. పోటు వచ్చినపుడు మెత్తని పొడి ఇసుకలో కాళ్ళీడ్చవలెను. అపుడతడు దిబ్బ ఎక్కును. దిబ్బపై ప్రాకు తీగలు, మొగలి పొదలు, తాళ్ళు, సరుగుడు తోటలు కానవచ్చును. ఆ తీగల వ్రేళ్ళే ఇసుకను పట్టి నిలుపునవి. వాన కురిసినపుడు నీరు దిబ్బలో ఇంకును. మంచినీరు ఉప్పునీటికంటె తేలిక యగుటచే దానిపై పొరవలె తేలియుండును. సముద్రమునకు కూతవేటు దూరములో కూడ లోతులేని గోతులలో త్రాగునీరు దొరకుటకు కారణమిదియే. దిబ్బను త్రవ్వి ఇసుక తరలించినచో గోడతోపాటు ఈ నీటికుండ కూడ పోవును. ఇట్టి దిబ్బవరుసలు తీరమునకు చాల దూరమున లోపలి గ్రామములలోను కలవు. ఒండ్రుతో భూమి పెరిగి సముద్రము వెనుకకు జరిగినపుడెల్ల ఒక్కొక్క వరుస మిగిలినది. వేల యేండ్ల క్రిందట ఆ గ్రామములే కడలి యొడ్డు.

కోరంగి చేరునప్పటికి దిబ్బ పోయి మడ అడవి వచ్చును. తెల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న మొదలగు చెట్లు బురదలో పాతుకొని అలల ఉరవడిని విరుగగొట్టును. ఈ అడవిలో కొంత భాగము 1978 నుండి వన్యప్రాణి సంరక్షణకేంద్రముగా ఉన్నది. కోరంగి ఒకనాడు ఓడలు కట్టిన రేవు. ఇచటినుండి బర్మాకు పోయినవారిని బట్టి ఆ దేశమున తెలుగువారికందరికిని కోరంగీలను పేరు వచ్చినది. 1789లోను, మరల 1839 నవంబరులోను వచ్చిన ఉప్పెనలు ఆ రేవును కూల్చినవి. 1996 నవంబరు 6వ తేదీన కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపాను కోనసీమను నేలమట్టము చేసి, వేయిమందికి పైగా ప్రాణములు తీసినది. ఈ తీరమున ఎత్తు అనగా అందము కాదు, ప్రాణరక్షణ.

ఈ ఎత్తు స్థిరమైనది కాదు. కాకినాడ ఎదుట హోప్ ఐలాండు అను ఇసుకతిన్నె రమారమి రెండువందల యేండ్లలో ఏర్పడి, సుమారు 16 కిలోమీటర్లు సాగి, పట్టణమునకు అడ్డుగోడ యైనది. దానికి ఉత్తరముననున్న ఉప్పాడలో ఇందుకు విరుద్ధముగా ఇండ్లను, బాటను కడలి మ్రింగుచున్నది. రాళ్ళు పోసినను, ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులు పేర్చినను అలలు వానిని సైతము కదల్చినవి. డెల్టా అంచున కూడ భూమి తరుగుచున్నది. 1976కును 2001కిని నడుమ సుమారు 18 చదరపు కిలోమీటర్ల నేల నికరముగా నష్టమైనదని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. ఎగువ జలాశయములలో ఒండ్రు నిలిచిపోవుటచే 1970 తరువాతి రెండు దశాబ్దులలో సముద్రమునకు చేరు ఒండ్రు సగమునకు మించి తగ్గుటయే ముఖ్యకారణమని వారి నిర్ణయము. ఆ నీరు పొలములకు కావలెను; ఆనకట్టలను నిందించి లాభము లేదు. నది తెచ్చి పోయునది తగ్గినపుడు, ఉన్నదానిని కాపాడుకొనుట రెట్టింపు అవసరమగును. దిబ్బను త్రవ్వి చదును చేయుట, మడను నరికి రొయ్యల చెరువు త్రవ్వుట, కోటగోడ రాళ్ళు తీసి పెరటిలో తిన్నె కట్టుకొనుట వంటిది.

ఇందు గ్రంథాలయమునకు పని యేమున్నది? సంతకమునకును, పద్దునకును అలవాటుపడిన సంస్థ గ్రంథాలయము. తీరగ్రామములలోని గ్రంథాలయములు ఏటేట మాఘమాసమున, యాత్ర సాగు దినములలో, ఒక పని చేయవచ్చును. ఊరి గుడినుండియో బడినుండియో పోటు తాకు గీటువరకు ఎన్ని గజములో పిల్లలచేత కొలిపించి, తేదీతో ఒక పుస్తకమున వ్రాయించవలెను. దిబ్బపై చెట్లెన్ని, మంచినీటి గోతులెన్ని, అందు నీరు ఉప్పగిల్లినదా అనునవియు చేర్చవలెను. ఇందులకు ధనము అక్కరలేదు. ఒక తాడు, ఒక పుస్తకము చాలును. రాజమహేంద్రవరపు గౌతమీ గ్రంథాలయము నది పేరు ధరించియున్నది. తీరగ్రామముల గ్రంథాలయములు నది లెక్క ధరింపవచ్చును. ఇరువదియైదు యేండ్ల పద్దు చేతనుండిన గ్రామము అధికారులయెదుట నిలిచి మాటాడగలదు. పద్దులేని గ్రామము ఇల్లు పోయిన పిమ్మట కన్నీటితో మాటాడవలసి వచ్చును.

యాత్రికుడు సంగమమున మునిగి లేచి, దిబ్బనెక్కి, తడిబట్ట ఆరవేసికొని మరల నడచును. ఆ దిబ్బ వాని మనుమనికిని అచటనే ఉండవలెను.