చెరకు ధర ఎవరి చేతిలో నున్నది?

చోడవరము ప్రాంతమున చెరకు పండించు రైతునకు పంట నమ్ముకొనుటకు రెండు దారులు కలవు. ఒకటి గోవాడలోని చోడవరము సహకార చక్కెర కర్మాగారము. రెండవది బెల్లపు గానుగ. అచ్చట పోసిన దిమ్మలు అనకాపల్లి బెల్లపు బజారునకు చేరును. మొదటి దారిలో చెరకు ధరకు కనీసపు హద్దును ప్రభుత్వము నిర్ణయించును. రెండవ దారిలో ఆనాటి సరకు రాకనుబట్టి, కొనువారి అవసరమునుబట్టి బెల్లము ధర తేలును. ఒకే చేనిలో పెరిగిన గడకు ఇట్లు ఇద్దరు విలువ కట్టుచున్నారు. ఈ ఇద్దరి వెనుక మూడవ శక్తి యొకటి కలదు. అది రాజకీయ ప్రయోజనము. ఈ మూడును ఒకదానితో నొకటి ఎట్లు పెనగొని యున్నవో నేడు విచారింతము.

చక్కెర విపణి తనంతట తాను పుట్టినది కాదు. జావా చక్కెర మన బజారులను ముంచెత్తుచున్న కాలమున, 1932లో చక్కెర పరిశ్రమ రక్షణ చట్టము చేసి విదేశీ చక్కెరపై అధిక సుంకము విధించిరి. ఆ సుంకపు నీడలోనే దేశమంతట కర్మాగారములు మొలచినవి. మన ప్రాంతమున ఏటికొప్పాక, తుమ్మపాల సహకార కర్మాగారములు ఆ దశాబ్దమున వెలసినవే. కనుక ప్రభుత్వము విపణిలో జోక్యము చేసికొనవచ్చునా యను ప్రశ్న ఇచ్చట పొసగదు. జోక్యము వలననే ఈ విపణి ఏర్పడినది. ఆ జోక్యపు వ్యయము ఎవరిపై పడుచున్నదన్నదే అసలు ప్రశ్న.

1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టము క్రింద 1966లో చెరకు నియంత్రణ ఉత్తరువు వెలువడినది. చెరకు తోలిన 14 దినములలో రైతునకు సొమ్ము చెల్లింపవలెననియు, ఆలస్యమైనచో నూటికి 15 రూపాయల వార్షిక వడ్డీ ఇయ్యవలెననియు అందు కలదు. 2009లో పూర్వపు కనీస ధర స్థానమున న్యాయమైన లాభదాయక ధర యను పద్ధతి వచ్చినది. 2025-26 సీజనునకు ఈ ధర క్వింటాలుకు 355 రూపాయలు. చెరకునుండి నూటికి 10.25 వంతుల చక్కెర దిగినపుడు ఇది వర్తించును. దిగుబడి 9.5 వంతులకు లోబడిన కర్మాగారములలో ధర 329 రూపాయల 5 పైసలు.

ఇపుడు చిన్న లెక్క వేయుదము. 10.25 వంతుల దిగుబడి నిచ్చు చెరకు ఒక టన్నుకు కర్మాగారము 3,550 రూపాయలు చెల్లింపవలెను. ఆ టన్నునుండి వచ్చు చక్కెర నూట రెండున్నర కిలోలు. చక్కెరకును కేంద్రము కనీస విక్రయ ధర నేర్పరచినది. 2018 జూనులో కిలోకు 29 రూపాయలు, 2019 ఫిబ్రవరిలో 31 రూపాయలు. 2025-26 సీజను మొదలైననాటికి అది 31 వద్దనే నిలిచియుండెను. ఆ ధరకు అమ్మినచో టన్ను చెరకు చక్కెరకు 3,177 రూపాయలు వచ్చును. చెరకు ఖరీదే అంతకు మించినది. కూలి, మరమ్మతు, బ్యాంకు వడ్డీ ఇంకను లెక్కకు రాలేదు. బజారులో చక్కెర ఇంతకంటె ఎక్కువకు అమ్ముడగుననుట నిజము. పిప్పి, మొలాసిస్‌లపై కొంత ఆదాయము కలదనుటయు నిజమే. కాని చట్టము చెరకునకు కట్టిన గట్టు ఎత్తుగాను, చక్కెరకు కట్టిన గట్టు పల్లముగాను ఉన్నవి.

ఇట్లేల జరుగుచున్నది? చెరకు ధర పెంచినచో పల్లెలోని వోటరు సంతోషించును. చక్కెర ధర పెరిగినచో పట్టణములోని వోటరు అలుగును. ఈ ఇరువురిని ఒక్కసారే మెప్పించుట ప్రభుత్వముల అవసరము. 2022 జూను నుండి చక్కెర ఎగుమతులపై పరిమితి వచ్చినది. 2023 డిసెంబరులో చెరకు రసమునుండి ఇథనాలు చేయుటపై ఆంక్ష వచ్చినది. వర్షాభావమువలన ఉత్పత్తి తగ్గునను భయము అందుకు కారణము. 2024 సాధారణ ఎన్నికలు ముంగిట నుండుటయు మరువరానిది. ఉత్తరువు ఢిల్లీలో వెలువడినను దాని భారము పల్లెలోని కాటా వరకు దిగివచ్చును.

ప్రకటించిన ధరకును, చక్కెర తెచ్చు రాబడికిని నడుమ నున్న అగాధమును పూడ్చుటకు ముగ్గురే కలరు: చక్కెర కొనువాడు, ప్రభుత్వ ఖజానా, సొమ్మునకై వేచియుండు రైతు. మొదటివానిపై భారము మోప ప్రభుత్వము జంకును. రెండవది ఎల్లప్పుడు ముందుకు రాదు. ఇక మిగిలినవాడు రైతు. బకాయి యనగా రైతు తనకు తెలియకయే ఇచ్చిన అప్పు. సహకార కర్మాగారమున ఇది మరింత విచిత్రము. అచ్చట సభ్యుడైన రైతే చెరకు అమ్మువాడు, కర్మాగారమునకు యజమానియు అతడే. కుడిచేతికి పెంచిన ధర ఎడమచేతి నష్టమగును. నిర్వహణ లోపములు, పాతబడిన యంత్రములు తోడైనపుడు ఆ నష్టము మరింత పెరుగును.

ఇట్టి స్థితిలో రైతు గానుగవైపు చూచుట సహజము. అచ్చట ధరకు హామీ లేదు, కాని సొమ్ము త్వరగా చేతికి వచ్చును. చెరకు గానుగకు మరలిన కొలది కర్మాగారమునకు ఆట తగ్గును. ఆట తగ్గిన కొలది టన్నునకు పడు వ్యయము పెరుగును. మరల బకాయి పెరుగును. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ కర్మాగారములు ఆట నిలిపిన తరువాత గోవాడ రైతు ఈ భయమును ఊహగా గాక కన్నులార చూచినవాడు. కొందరు చెరకునే విడిచి ఇతర పంటలకు పోవుచున్నారు. కర్మాగారము మూతపడినచో బెల్లపు బజారు ఒక్కటే మిగులును. అపుడు రైతునకు ఎంచుకొను శక్తియే పోవును.

2012లో రంగరాజన్ సంఘము ఒక మార్గము సూచించినది. చక్కెర, ఉపోత్పత్తుల రాబడిలో నూటికి 70 వంతులు రైతునకు చెందవలెనని దాని సారాంశము. రాబడి వాటా కనీస ధరకు తగ్గిన సంవత్సరమున ఆ లోటును ముందే కూడబెట్టిన నిధినుండి పూరింపవచ్చును. ఇందు భారము ఎవరిదో ముందే తెలియును. మొదటి మాటను మాత్రము గ్రహించి రెండవ దానిని విడిచినచో రైతునకు రక్షణ లేదు.

ధరల ప్రకటన వినిన ప్రతిసారి మనము "ఎంత?" అని అడిగి ఊరకుండుచున్నాము. "ఎవరు ఇచ్చెదరు? ఏ తేదీకి ఇచ్చెదరు?" అనియు అడుగవలెను. 14 దినముల గడువు చట్టములో వ్రాసి ఆరు దశాబ్దములు కావచ్చినది. ఆ గడువు ప్రకారము సొమ్ము అందిననాడే 355 రూపాయలను ధర యనవచ్చును.