రాయితీ ఉన్నది, కాగితం ఏది?
(ఎస్.ఆర్. నగర్‌లో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వికలాంగులకున్న రాయితీలు, సహాయాల గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. “నాకేం తెలుసండీ?” అన్నాను. “ముప్పయ్యేళ్ళు గుమాస్తాగా చేశారు. కాగితం ఎక్కడ ఆగుతుందో మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?” అన్నారు. ఆ మాట నిజమే. కాగితం ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. ఎందుకంటే కొన్నిసార్లు ఆపింది నేనే.

ముందుగా ఆ సంగతి చెప్పుకుంటాను. 1980ల్లో నేను పింఛన్ల సీటు చూసేవాణ్ణి. ఒక అటెండరు గారి భార్య వచ్చేది. ఆయన పోయారు. ఆమెకు కుటుంబ పింఛను వస్తోంది. ఇరవై అయిదేళ్ళు దాటిన కొడుక్కి బుద్ధి ఎదగలేదు. తన తర్వాత వాడికి పింఛను వచ్చేలా ఇప్పుడే కాగితాల్లో రాయించాలని ఆమె తాపత్రయం. మొదటిసారి డాక్టరు సర్టిఫికెట్ సరిగా లేదని ఆబ్జెక్షన్ రాశాను. రెండోసారి వయసు రుజువు లేదన్నాను. మూడోసారి ఫోటో మీద సంతకం లేదన్నాను. నేను రాసినవన్నీ నిబంధనల ప్రకారం సరైనవే. కాని ఆ మూడు మాటలూ మొదటి రోజే చెప్పి ఉండవచ్చు. నాలుగోసారి ఆమె రాలేదు. కొన్నాళ్ళు చూసి ఫైలును ఎల్.డిస్. చేసి రికార్డు రూముకు పంపాను. ఆ అబ్బాయి ఏమయ్యాడో నాకు తెలియదు. రిటైరయి ఇన్నేళ్ళయినా ఆమె చేతిలోని గుడ్డసంచి నా కళ్ళముందు నుంచి పోలేదు.

అందుచేత ఈరోజు చెప్పవలసినవన్నీ ఒక్కసారే చెబుతాను.

మొదటిది సర్టిఫికెట్. అన్నిటికీ తాళంచెవి అదే. 1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టంలో అవి ఇరవై ఒకటి అయ్యాయి. పార్కిన్‌సన్స్ జబ్బు, తలసీమియా, హీమోఫీలియా కూడా అందులో చేరాయి. పక్షవాతంతో కాలు చేయి పడిపోయినవారు, చక్కెర వ్యాధి వల్ల కాలు తీయించుకున్నవారు, రెండు చెవులూ బాగా మందగించినవారు మన సభ్యుల్లో ఉన్నారు. “ఇది ముసలితనంలెండి, వైకల్యమా?” అంటారు. చట్టం వయసు అడగదు, శాతం అడుగుతుంది. చాలా సదుపాయాలకు నలభై శాతం ఉండాలి.

ఇప్పుడు దేశమంతటికీ యు.డి.ఐ.డి. అనే ఒకే గుర్తింపు కార్డు ఉన్నది. దరఖాస్తు కంప్యూటరులో పెట్టాలి. పిల్లల చేత పెట్టించుకోవచ్చు, లేదా మీసేవలో అడగవచ్చు. తరువాత ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టర్లు పరీక్షించి శాతం నిర్ణయిస్తారు. 2024లో సవరించిన నిబంధనల ప్రకారం నలభై లోపు శాతానికి తెల్లకార్డు, నలభై నుంచి ఎనభై లోపు పసుపు, ఎనభై ఆపైన నీలం. పరీక్షకు వెళ్ళేటప్పుడు పాత ఆసుపత్రి కాగితాలు, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు అన్నీ ఒక ఫైలులో పెట్టుకొని వెళ్ళండి. మన నిమ్స్‌లో చూపించుకున్న కాగితాలు ఉంటే అవీ జతపరచండి. సర్టిఫికెట్ చేతికి రాగానే అది శాశ్వతమా, గడువు ఉన్నదా అని తేదీ చూసుకోండి. గడువు తీరిన కాగితంతో కౌంటరు దగ్గర నిలబడితే కాళ్ళనొప్పి తప్ప ఫలితం ఉండదు.

రెండవది ప్రయాణం. వయోవృద్ధుల రైలు రాయితీ 2020 మార్చిలో పోయింది. మనమంతా అర్జీలు పెట్టాము. కాని వికలాంగుల రాయితీ పోలేదు. తోడు లేకుండా ప్రయాణం చేయలేని శారీరక వికలాంగులకు, బుద్ధిమాంద్యం ఉన్నవారికి, పూర్తిగా చూపులేనివారికి స్లీపరులోను, థర్డ్ ఏసీలోను 75 శాతం, సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీల్లో 50 శాతం తగ్గింపు ఉన్నది. రాజధాని, శతాబ్ది బండ్లలో థర్డ్ ఏసీకి, చైర్‌కారుకు 25 శాతం. తోడు వెళ్ళే మనిషికీ అంతే. ఒక్క హెచ్చరిక. చెవుడు ఒక్కటే ఉంటే రైల్లో రాయితీ లేదు. వినికిడీ మాటా రెండూ లేనివారికే ఉన్నది. రైల్వేవారి నమూనాలో ప్రభుత్వ డాక్టరు సంతకంతో సర్టిఫికెట్ తీసుకుని, రైల్వే గుర్తింపు కార్డు చేయించుకోవాలి. ఆర్టీసీలో సగం చార్జీ రాయితీ ఉన్నది. ఏ రకం బస్సులకు వర్తిస్తుందో పాసులిచ్చే కౌంటరులో అడిగి తెలుసుకోండి.

మూడవది ఆదాయపు పన్ను. పింఛనుదారే వికలాంగుడైతే, 1961 నాటి చట్టంలో 80-యు కింద 75,000 రూపాయలు, ఎనభై శాతం ఆపైన ఉంటే 1,25,000 రూపాయలు మినహాయింపు. ఆధారపడిన భార్య, బిడ్డ, తోబుట్టువు వికలాంగులైతే 80-డి.డి. కింద అంతే మొత్తం. ఇది పాత పన్ను పద్ధతిలో ఉన్నవారికే. 2025లో చేసిన కొత్త చట్టంలో సెక్షన్ల అంకెలు మారాయి కనుక, లెక్క కట్టించుకునేటప్పుడు అంకె కాకుండా విషయం చెప్పి అడగండి.

నాలుగవది బ్యాంకు. డెబ్భై ఏళ్ళు దాటినవారికి, వికలాంగులకు ఇంటివద్దనే సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే ఆదేశించింది. నడవలేనివారిని ఆటోలో ఎక్కించి కౌంటరు దాకా మోసుకుపోవలసిన అవసరం లేదు. మేనేజరు గారికి ఒక ఉత్తరం రాసి, నకలు మీద ముద్ర వేయించుకోండి.

అయిదవది పరికరాలు. కేంద్రం వారి ఎడిప్ పథకం 1981 నుంచి, వయోవృద్ధుల కోసం వయోశ్రీ పథకం 2017 నుంచి ఉన్నాయి. చక్రాల కుర్చీ, చేతికర్ర, వినికిడి యంత్రం ఇస్తారు. అయితే ఆదాయ పరిమితి ఉన్నది. వయోశ్రీకి నెలకు 15,000 రూపాయలు. మనలో చాలామందికి ఇది దాటుతుంది. తక్కువ కుటుంబ పింఛను మీద బతుకుతున్న మన సోదరీమణులకు మాత్రం వర్తించవచ్చు. అలాగే ఆసరా పింఛను, 2023లో 4,016 రూపాయలకు పెంచినది, ప్రభుత్వ పింఛను తీసుకునేవారికి రాదు. రానిదాని కోసం తిరగవద్దు. మన ఇంట్లో పనిచేసే అమ్మాయికో, వాచ్‌మన్‌ కుటుంబంలోని వారికో అర్హత ఉండవచ్చు. వారికి చెప్పండి. అదీ పుణ్యమే.

ఆరవది చివర చెబుతున్నాను గాని, అన్నిటికన్నా ముఖ్యమైనది. వైకల్యం ఉన్న బిడ్డ ఉన్న సభ్యులు దయచేసి వినండి. 1980 నాటి సవరించిన పింఛను నిబంధనల్లో 50వ నిబంధన ప్రకారం, సొంతంగా బతుకుదెరువు సంపాదించుకోలేని వైకల్యం ఉన్న బిడ్డకు వయసు మించినా కుటుంబ పింఛను వస్తుంది. కాని తల్లిదండ్రులిద్దరూ పోయాక ఆ బిడ్డ వచ్చి ఏ సీటు ముందు నిలబడతాడు? ఏ కాగితం చూపిస్తాడు? మీరుండగానే పేరు నమోదు చేయించండి. సర్టిఫికెట్ చేయించండి. బ్యాంకు ఖాతా తెరిపించండి. బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు ఉన్న పెద్దపిల్లలకు 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద, కలెక్టరు గారు అధ్యక్షులుగా ఉన్న జిల్లా కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. ఆ ట్రస్టువారిదే నిరామయ అనే ఆరోగ్య బీమా, ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉన్నది. బుద్ధిమాంద్యం విషయంలో సలహా కావాలంటే సికింద్రాబాదులో మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉన్నది. దేశం నలుమూలల నుంచి అక్కడికి వస్తారు. మనకు అది ఊళ్ళోనే ఉన్నది.

మిత్రులారా, మనలో చాలామందిని ఆపుతున్నది నిబంధన కాదు, మొహమాటం. “ఇన్నాళ్ళు గెజిటెడ్ ఆఫీసరుగా బతికి, ఇప్పుడు వికలాంగుల క్యూలో నిలబడనా?” అని ఒక మిత్రుడు నాతో అన్నారు. “పింఛను తీసుకోవడానికి సిగ్గుపడుతున్నారా?” అని అడిగాను. “అది నా హక్కు” అన్నారు. ఇదీ అంతేనని చెప్పాను. మరుసటి వారం ఇద్దరం కలిసే ఆసుపత్రికి వెళ్ళాము.

చివరిగా ఒక ప్రతిపాదన. మన సంఘం గదిలో నెలకొక ఆదివారం ఒక బల్ల, నాలుగు కుర్చీలు వేద్దాం. పింఛను సీట్లు చూసినవారు, అకౌంట్లు చూసినవారు ఇక్కడే ఇంతమందిమి ఉన్నాము. దరఖాస్తులు మనమే నింపుదాం. ఏ కాగితం తక్కువో మొదటి రోజే, అన్నీ ఒక చీటీ మీద రాసి ఇద్దాం. సభ్యులకే కాదు, కాలనీలో ఎవరు వచ్చినా ఇద్దాం. మొదటి ఆదివారం ఆ బల్ల దగ్గర నేను కూర్చుంటాను. గుడ్డసంచితో ఎవరు వచ్చినా రెండోసారి తిప్పను.