బిడ్డ కొట్టుకుంటున్నాడంటే ఏదో చెప్తున్నాడు
(వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుట్నించీ బ్యాంకు లింకేజీ, రికవరీ గురించి మాట్లాడుకున్నాం. నేను మీటింగుకు రాలేకపోతున్న సభ్యుల గురించి మాట్లాడతాను. ఇంట్లో ఆటిజం ఉన్న బిడ్డ ఉంటే, తల్లికి గంటసేపు బయటికి రావడం కూడా కష్టమే. కొందరు పిల్లలు గోడకేసి తల కొట్టుకుంటారు, చెయ్యి కొరుక్కుంటారు, దగ్గరికొచ్చినవాళ్లను గిచ్చుతారు. ఊళ్లో ఏమంటారు? తల్లి గారాబమంటారు, గాలి సోకిందంటారు, నాలుగు తగిలిస్తే దారికొస్తాడంటారు.

అక్కా, ఆటిజం పెంపకం వల్ల వచ్చేది కాదు. మెదడు ఎదుగుదలలో ఉండే తేడా అది. కొందరికి మాట రాదు. కొందరికి మిక్సీ శబ్దం, జనం గోల భరించలేనంత బాధ. నోటితో చెప్పలేని బిడ్డ ఒంటితో చెప్తాడు.

ఇది పరిశోధనలో తేలిన విషయం. 1985లో అమెరికాలో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ అనే ఇద్దరు నలుగురు పిల్లలతో పని చేశారు. అల్లరి ఎప్పుడు పెరుగుతోందో ముందు గమనించారు. పని కష్టమైనప్పుడు కొంత, పెద్దవాళ్లు పట్టించుకోనప్పుడు కొంత. అప్పుడు సాయం అడగడం, మెప్పు అడగడం మాటల్లో నేర్పారు. అల్లరి బాగా తగ్గింది. కారణానికి సరిపడని మాట నేర్పితే మాత్రం తగ్గలేదు. అంటే కారణం పట్టుకోవడమే అసలు పని.

దీనికి పెద్ద చదువులే కావాలా? గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో జరిగిన పరిశోధన 2016లో వెలువడింది. అందులో స్పెషలిస్టులు కానివాళ్లే, శిక్షణ తీసుకుని, తల్లిదండ్రులకు నేర్పారు. పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది.

మనం పొదుపు పుస్తకం రాస్తాం కదా, అలాగే ఒక నోటుబుక్కులో మూడు గళ్లు గీయండి: ముందు ఏం జరిగింది, బిడ్డ ఏం చేశాడు, తర్వాత మనం ఏం చేశాం. రెండు వారాలు రాస్తే చాలావరకు కారణం కనిపిస్తుంది. నీళ్ల కోసమైతే గ్లాసు బొమ్మ చూపించడం నేర్పండి. శబ్దమైతే దూరంగా తీసుకెళ్లండి. అల్లరి ఉన్నట్టుండి మొదలైతే పంటినొప్పి, చెవిపోటు, మలబద్ధకం ఉన్నాయేమో ముందు డాక్టరుకు చూపించండి. కొట్టొద్దు, కట్టెయ్యొద్దు. కొడితే భయం నేర్చుకుంటాడు గానీ అడగడం నేర్చుకోడు.

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు తీసుకోవడానికి తల్లి ఒక్కతే తిరగకుండా వీఓ నుంచి ఒకరు తోడు వెళ్లాలి. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యఖర్చు వస్తుంది, దానికీ దరఖాస్తు పెట్టించాలి. సికింద్రాబాద్‌లో మేధోవైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి ఉంది. దూరమని వదిలెయ్యొద్దు.

చివరిగా ఒక తీర్మానం కోరుతున్నాను. క్రమం తప్పని సమావేశం మన పంచసూత్రాల్లో మొదటిదే, కాదనను. కానీ ఇలాంటి బిడ్డ ఉన్న తల్లి రాలేదని జరిమానా వెయ్యొద్దు. నెలకొక మీటింగు ఆమె ఇంటి అరుగు మీద పెడదాం. బిడ్డ అరిస్తే లేచి వెళ్లిపోకుండా కూర్చుందాం. అప్పు ఇచ్చేటప్పుడు ఒకరికొకరం పూచీ ఉన్నాం కదా, ఈ విషయంలోనూ ఉందాం.