తామారు మౌనం

వాక్యభాగం: 2 సమూయేలు 13వ అధ్యాయం

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఈ ప్రసంగం వింటున్న తల్లిదండ్రులతో, యౌవనస్థులతో ఒక మాట చెప్పాలని ఆశపడుతున్నాను.

అమ్నోను తామారును ప్రేమించానన్నాడు. ఆమె కోసం చిక్కిపోయాడు. స్నేహితుడు యోనాదాబు ఉపాయం చెప్పాడు. ఆమె వద్దని వేడుకున్నా అతడు వినలేదు. బలవంతం చేసిన వెంటనే ఆమెను ద్వేషించి బయటికి గెంటించాడు. ప్రియులారా, వద్దన్న మాటను లెక్కచేయనిది ప్రేమ కాదు. అన్న అబ్షాలోము ఆమెను ఊరకుండమన్నాడు. తండ్రి దావీదు కోపపడ్డాడు గాని న్యాయం చేయలేదు. రెండేళ్ల తరువాత ఆ ఇంట్లో హత్య జరిగింది. మౌనం ఇంటిని కాపాడలేదు, పగ తామారు కన్నీటిని తుడవలేదు.

మన పొరుగున వరంగల్‌లో 2008 డిసెంబరులో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ పోశారు. ప్రేమ పేరుతో వెంటపడినవాని పని అది. ఒక బిడ్డ కన్నుమూసింది. నిందితులు ముగ్గురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అయినా ఆ తల్లి ఒడి నిండలేదు. కాబట్టి సహాయం ముందే అందాలి.

వద్దన్నా వెంటపడడం, పదేపదే ఫోన్లు, మెసేజీలు చేయడం 2013 నుండి ప్రత్యేక నేరం. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం మొదటిసారి 3 ఏళ్ల వరకు, మళ్లీ చేస్తే 5 ఏళ్ల వరకు జైలు. 2014లో హైదరాబాద్‌లో మొదలైన షీ టీములు తరువాత మన జిల్లాలకూ వచ్చాయి. ఆపదలో 100 లేదా 112కు, సలహా కోసం 181కి ఫోన్ చేయవచ్చు. వచ్చిన మెసేజీలను చెరిపివేయకండి, అవే సాక్ష్యం.

తల్లిదండ్రులారా, బిడ్డ నోరు విప్పితే "నువ్వేం చేశావు?" అని అడగకండి. పల్లె నుండి బస్సెక్కి కాలేజీకి పోయే పిల్లను చదువు మాన్పించి, తొందరపడి పెళ్లి చేయకండి. తప్పు చేసినవాడు వీధిలో తిరుగుతుంటే శిక్ష ఆమెకా?

తమ్ముళ్లారా, స్నేహితునికి అమ్మాయి ఫోన్ నంబరు సంపాదించి పెట్టే యోనాదాబులు కావద్దు.

సంఘ పెద్దలారా, పరువు పేరు చెప్పి రాజీ చేయకండి. ఆమెతో పోలీసు స్టేషన్ దాకా నడవండి.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, భయంతో దారి నడుస్తున్న ప్రతి కుమార్తెకు తోడుగా ఉండుము. మా మౌనాన్ని క్షమించి, ఆమె పక్షాన నిలిచే ధైర్యం మాకిమ్ము. ఆమేన్.